మొగుని సంతకం

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, సిరిసిల్ల మగ్గాలు సైతం నోరు మూసుకున్నాయని చెప్పుకున్నారు. కృపారాణి ఇంట్లో పొయ్యి ఒక్కటే ఆగలేదు. ఆమె భర్త సంజీవ్ బడి పంతులు. రుద్రంగి రోడ్డు మీద సమ్మె టెంటు కింద కూర్చుని, పొద్దుటి నుంచి మూడోసారి చాయ్‌కు కబురంపాడు. సకల జనుల్లో నేను లేనా అని ఆమె ఒకసారి అడిగితే, నీది దవాఖాన డ్యూటీ, నీకు సమ్మె లేదని నవ్వాడు.

ఆమె ఆ ఊరి నర్సమ్మ. పంతొమ్మిదేళ్లలో ఆమె చేతుల్లో పడ్డ పిల్లలను వరుసగా నిలబెడితే కోరుట్ల దాకా పోతారు. చాయ్ మరుగుతుండగా బీడీలు చుట్టే సరోజన మళ్లీ వచ్చింది. ముగ్గురు పిల్లలు. కాపర్-టీ ఉండగానే మళ్లీ కడుపు నిలిచింది, పదో వారం. మొగుడు మస్కట్‌లో. అతని సంతకం లేనిదే కడుపు తీయించుకోవడం నేరమనీ, పోలీసులు పట్టుకుపోతారనీ కృపారాణి ఆమెను రెండుసార్లు తిప్పి పంపింది.

"కాయిదం పంపిన సిస్టరమ్మా. పెట్టనన్నడు. ఇగ బాలమ్మ పోయిన తొవ్వే నాకు."

బాలమ్మనూ సంతకం తెమ్మనే తిప్పి పంపింది. వారం తిరక్కుండా మంత్రసాని పెట్టిన పుల్లతో చీము పట్టి పోయింది. రూలు రూలే కదా అని రెండేళ్లుగా మనసుకు చెప్పుకుంటూనే ఉంది. మొగుడు సంతకం పెట్టకపోతే దారేమిటని జగిత్యాల డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"మొగుని సంతకమెందుకు సిస్టర్? పద్దెనిమిదేండ్లు నిండితె ఆమె సంతకమే చాలు. డెబ్బై ఒకటిల చట్టమొచ్చిన కాన్నుంచి గంతే."

చట్టం తనకంటే ఏడాది పెద్దది. ఎవరూ చెప్పలేదు, తానూ అడగలేదు. ఎందుకడుగుతుంది? కడుపు తీయించుకుందామని పోతే తననూ ఒకనాడు కోరుట్లలో మొగుని సంతకం తెమ్మనే పంపారు. పెద్ద నర్సు ట్రైనింగుకు సీటొచ్చిన నెల అది. నేను పెట్టను, ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకో అన్నాడు సంజీవ్. సౌమ్య పుట్టింది. సౌమ్య అంటే ప్రాణమే. అయినా ఆయన పెట్టని ఆ సంతకాన్నే చట్టమనుకుని, ఊరి ఆడవాళ్లందరికీ పంచిపెట్టింది.

స్టవ్ ఆర్పి, సరోజనను స్కూటీ ఎక్కించుకుని జగిత్యాలకు బయల్దేరింది.

టెంటు దగ్గర రోడ్డుకు అడ్డంగా మొద్దు పడేసి ఉంది. సంజీవ్ లేచొచ్చాడు. వెనక కూర్చున్నదెవరో చూడగానే సంగతి అర్థమైంది.

"దాని మొగడు దేశంలనే లేడు. ఎవల్నడిగి తీస్కపోతున్నవ్?"

టెంటంతా ఇటే చూస్తోంది. కృపారాణి స్కూటీ ఇంజను ఆపలేదు.

"ఎవల్నీ అడుగుడు లేదట. నేను పుట్టకముందు నుంచే లేదట. మొద్దు దీయి."