లెక్క సరిపోయింది

ఎక్కడికైనా బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టడం ఆ ఇంట్లో ఆమె తెచ్చిపెట్టిన అలవాటు. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. పిల్లల్ని షికారుకి తీసుకెళ్తే, బస్సు మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరి నెత్తిన చెయ్యి పెట్టి లెక్కపెట్టనిదే బండి కదలకూడదు. అదే పద్ధతి ఇంట్లోనూ మొదలుపెడితే మొదట అందరూ నవ్వారు. "మా ఆవిడ కళ్ళకి మనందరం నర్సరీ పిల్లలమే" అన్నాడు భర్త. ఆడపడుచు కొడుకు ఒకసారి జనంలో తప్పిపోయి దొరికిన తర్వాత నవ్వడం మానేశారు. సెలవులకి ఆడపడుచు కుటుంబం వచ్చేది. అత్తగారు, భర్త, ఆడపడుచు, ఆడపడుచు మొగుడు, వాళ్ళ మగపిల్లలిద్దరు, తన కూతురు పిచిక, ఇంకా పాలసీసా వదలని తన కొడుకు గుండు. మొత్తం ఎనిమిది. ఎనిమిది వచ్చిందంటే రెండు కార్లూ కదలొచ్చు.

ఆకులు రాలే కాలంలో ఊరి బయట పార్కుకి వెళ్ళడం ఏటా ఉన్నదే. చెట్లన్నీ పసుపూ ఎరుపూ తిరిగి ఉంటాయి, చూస్తే కళ్ళు చల్లబడతాయి అంటారు అత్తగారు. ఆ చల్లదనం కోసం ఆమె తెల్లవారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టింది, రొట్టెముక్కల అంచులు కోసింది (ఆడపడుచు చిన్నవాడు అంచులు తినడు), దుప్పట్లు, స్వెట్టర్లు, మార్చే బట్టలు, అత్తగారి మాత్రలు సర్దింది. షికారంటే ఇంటిపనంతా సంచుల్లో కుక్కి తీసుకెళ్ళి చెట్టు కింద పరవడమేనని ఆమెకి ఎప్పుడో అర్థమైంది. "నీదేలే వదినా అదృష్టం. పిల్లలకి సెలవులంటే నీకూ సెలవులే" అంది ఆడపడుచు, ఆమె పరిచిన దుప్పటి మీద నడుం వాలుస్తూ. ఆమె మూతులు తుడుస్తూనే ఉంది. బడిలో ఏ పిల్లాడు వాంతి చేసుకున్నా హెడ్మిస్ట్రెస్ ఆమెనే పిలుస్తుంది. "పిల్లల తల్లివి, నీకు అసహ్యం ఉండదుగా" అంటుంది. అక్కడ జీతం ఇచ్చి ఆ మాట అంటారు, ఇక్కడ జీతం లేకుండా అదే పని. తేడా అంతే.

పిచిక ఎండుటాకులన్నీ పోగుచేసి తన ఎత్తు కుప్ప వేసింది. "అమ్మా, రా. ఇద్దరం చెయ్యి పట్టుకుని దూకుదాం" అంది. "ఒక్క నిమిషం తల్లీ" అంది ఆమె. గుండుకి పాలు పట్టాక వెళ్దామనుకుంది. తర్వాత అత్తగారికి మాత్ర. తర్వాత భర్త "టీ ఏమైనా మిగిలిందా?" అన్నాడు. పిచిక రెండుసార్లు వచ్చి చెయ్యి పట్టుకు లాగింది. మూడోసారి రాలేదు. ఎప్పుడు వెళ్ళి ఒక్కతే దూకిందో ఆమె చూడలేదు.

బయల్దేరే వేళకి గుండు బట్టలు పాడుచేసుకున్నాడు. వాణ్ణి కడిగి, వేరే బట్టలు తొడిగి ఆడపడుచు చేతికిచ్చింది. "మీరు ఎక్కుతూ ఉండండి, ఈ బట్టలు జాడించుకుని వస్తాను. ఈసారికి లెక్క నువ్వే చూడు" అంది. కుళాయి మరుగుదొడ్ల వెనకాల ఎక్కడో ఉంది. నీళ్ళు చల్లగా, వేళ్ళు కొరికేస్తున్నట్టు ఉన్నాయి. తడిబట్టలు పిండుకుని వచ్చేసరికి కార్లు లేవు.

ముందు వేళాకోళమేమో అనుకుంది. మలుపు దాకా వెళ్ళి చూసింది. అప్పుడు ఫోన్ మోగింది. ప్రాణం లేచొచ్చింది.

"వదినా, గుండు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పాలసీసా ఎందులో పెట్టావు?" ఆడపడుచు.

"నీలం సంచిలో, పక్క అరలో. నేను ఇక్కడ..."

"దొరికింది దొరికింది" అని పెట్టేసింది. ఆమె ఫోన్ చూస్తూ నిలబడింది. వదిన అన్నయ్య కారులో ఉందని ఆడపడుచు అనుకుంది. అన్నయ్య, గుండుతోపాటు చెల్లెలి కారులో ఉందనుకుని ఉంటాడు. ఆడపడుచు తలలు లెక్కపెట్టే ఉంటుంది, ఎనిమిదీ వచ్చే ఉంటాయి. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి అప్పుడు తెలిసింది. లెక్కలో తప్పేమీ లేదు. ఇన్నేళ్ళుగా లెక్కపెట్టింది తనే. తన తల ఏ రోజూ అందులో లేదు.

మళ్ళీ మోగింది. భర్త. "ఇంటి తాళంచెవి నీ దగ్గరుందా, అమ్మ దగ్గరుందా?"

ఈసారి చెప్పే వ్యవధి ఉంది. చెప్పలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెప్పకుండా తెలుసుకుంటారేమో చూడాలనిపించింది. "అత్తయ్య సంచిలో, కళ్ళజోడు పెట్టెలో" అంది. "సరే" అన్నాడు.

పిచిక వేసిన ఆకుల కుప్ప చెదిరి ఉంది. దాని పక్కన కూర్చుంది. తడిబట్టలు ఒళ్ళోనే ఉన్నాయి, చీర తడుస్తోంది. ఈపాటికి ఇల్లు చేరుంటారు, ఇప్పుడు వెతుక్కుంటారు అనుకుంది. కాపలావాడు గేటు ఒక రెక్క వేసి, ఆమెని చూసి రెండోది వెయ్యకుండా ఆగాడు. "ఎవరైనా వస్తారామ్మా?" అన్నాడు. "వస్తారు" అంది. అంతకంటే సిగ్గుపడ్డ సందర్భం ఆమెకి గుర్తులేదు.

చీకటి పడుతుండగా భర్త వచ్చాడు. కారు దిగకుండానే తలుపు తెరిచాడు. "నోట్లో నాలుక లేదా? ఫోన్ చేశాను కదా, అప్పుడే చెప్పి ఏడిస్తే సగం దారిలో తిరిగేవాణ్ణి. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది నాకు." ఆమె ఎక్కి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎలా తెలిసిందని అడగాలనుకుంది. అడగలేదు. పిచిక అడిగి ఉంటుందిలే అని తనకి తనే చెప్పుకుంది. ఆ ఒక్క ఊహనీ ఇంటికి పట్టుకెళ్ళి ఎవరూ చూడకుండా దాచుకుంది.

మళ్ళీ సెలవులొచ్చాయి. మళ్ళీ అదే ఎనిమిది మంది, ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. భోజనాలయ్యాక భర్త హాల్లో ఆ కథ ఎత్తుకున్నాడు. చెప్పడంలో అతను దిట్ట.

"ఇల్లు చేరాం, కాళ్ళు చాపుకున్నాం, టీవీ పెట్టుకున్నాం. అంతా బాగానే ఉంది. ఎంతసేపటికీ టీ రాదే! ఏవిటా అని వంటింట్లోకి తొంగిచూద్దును కదా, ఈవిడగారు లేదు!"

ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నయం, పిల్లల్ని మర్చిపోలేదు" అన్నారు. ట్రేలో కప్పులు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "మొహం మాడ్చుకుంది" అంటారు. నవ్వుతూనే అందరికీ టీ ఇచ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది చేతిలోంచి జారిపోయింది. పిచిక కూడా అడగలేదన్నమాట.

పక్కగదిలో పిల్లలు కుర్చీలు వరసగా వేసి కారాట ఆడుతున్నారు. ముందు కుర్చీలో పిచిక. వెనక బావలిద్దరూ, గుండూ, రెండు బొమ్మలూ.

"మరి అమ్మ ఎవరు?" అన్నాడు చిన్నబావ.

పిచిక తల తిప్పలేదు. "అమ్మ అక్కర్లేదు. ఏదైనా దొరక్కపోతే ఫోన్ చేద్దాం."

ఆ గది గుమ్మంలో నిలబడ్డ ఆమె చేతిలో ఖాళీ ట్రే ఉంది. ఆమె దాన్ని నేల మీద పెట్టింది. హాల్లోంచి భర్త కేక వేశాడు. "ఏమోయ్, గుండు స్వెట్టరు ఎక్కడ?" మంచం కింద రెండో పెట్టెలో, కుడివైపు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. గోడ పక్కనున్న స్టూలు లాక్కొచ్చి పిచిక పక్కన వేసుకుని కూర్చుంది.

"నీకు చోటు లేదమ్మా. లెక్క సరిపోయింది" అంది పిచిక.

"మళ్ళీ పెట్టు" అంది ఆమె. కూతురి చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు."

పిచిక చెయ్యి అక్కడే ఆగింది. ఎలా లెక్కపెట్టాలో తెలియనట్టు తల్లి మొహంలోకి చూసింది. హాల్లోంచి మళ్ళీ కేక వినిపించింది, ఈసారి గట్టిగా. ఆమె లేవలేదు.