నా ఛాతీ మీద పడ్డ చేతులు

నేను ఒక బొమ్మను. పిల్లలు ఆడుకునే బొమ్మను కాదు, పెద్దల చేత దెబ్బలు తినే బొమ్మను. ఆగిపోయిన గుండెను మళ్ళీ ఎలా కొట్టించాలో డాక్టర్లు నా మీద నేర్చుకుంటారు. నేర్చుకోవాలి మరి. నేర్చుకుంటున్నారా లేదా అన్నదే నా బాధంతా.

రబ్బరు చర్మం, ప్లాస్టిక్ పక్కటెముకలు, వాటి కింద ఒక ఇనప స్ప్రింగు, ఇదీ నా శరీరం. నడుము కింద ఏమీ లేదు. పుట్టిన రోజునే నన్ను ఫ్యాక్టరీలో ఒక యంత్రం కింద పడేసి గుండెల మీద ఎడాపెడా బాదించారు. తట్టుకున్నవాళ్ళను అట్టపెట్టెల్లో సర్దారు. తట్టుకోలేనివాళ్ళను ముక్కలు చేసి కరిగించారు. అదీ నా బాల్యం. దెబ్బల గురించి నాకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఛాతీ రెండంగుళాలు లోపలికి దిగితే నా స్ప్రింగు టక్కుమంటుంది. దిగకపోతే అనదు. మొహమాటానికి టక్కుమనే అలవాటు నాకు లేదు.

నన్ను కొన్నది ఒక డాక్టర్ల సంఘం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డాక్టరు ఐదేళ్ళకోసారి తన రిజిస్ట్రేషన్ను వైద్య మండలి దగ్గర మళ్ళీ చేయించుకోవాలి. అందుకు ఇన్ని గంటలు కొత్త వైద్యం నేర్చుకున్నానని సర్టిఫికెట్లు చూపించాలి. వాటిని క్రెడిట్ గంటలంటారు. అవి విజయవాడ హోటళ్ళలో దొరికేవి. పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, వాళ్ళిచ్చే సంచీ తీసుకుని, ఏసీ హాల్లో ఒక కునుకు తీసి, మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్ళిపోతే చాలు, గంటలు వాటంతటవే నిండేవి.

నన్ను వేదిక పక్కన బల్ల మీద పడుకోబెట్టేవారు. మహానుభావులు వరసగా వచ్చి, నా ఛాతీ మీద అరచేతులు ఆనించి, కెమెరా వంక చూసి నవ్వేవారు. ఒకావిడ ఉంగరాలు తీయడం ఇష్టంలేక వేలితో తాకి వెళ్ళిపోయింది. ఒకాయన నా మీద చెయ్యి వేసి ఫోన్లో స్థలం బేరమాడాడు. కొట్టండి బాబూ, కాస్త గట్టిగా కొట్టండి అని లోపల్లోపల మొత్తుకునేవాణ్ణి. ఆ హోటళ్ళలో నేను టక్కుమన్నది ఒకే ఒక్కసారి, బల్లలు సర్దేవాళ్ళు నా మీద కుర్చీ పడేసినప్పుడు. ఆ కుర్చీకి తప్ప మిగతా అందరికీ సర్టిఫికెట్టు వచ్చింది.

అలా ఫొటో దిగి వెళ్ళినవాళ్ళలో డాక్టర్ అలివేలు ఒకరు. పల్నాడులో సున్నపు బట్టీల ఊళ్ళో ఆవిడకు చిన్న ఆసుపత్రి ఉంది. కొన్నాళ్ళకు ఒక లారీ డ్రైవరు గుండెనొప్పితో వచ్చి ఆవిడ ఎదుటే కుప్పకూలాడు. ఆవిడ అతని ఛాతీ నొక్కింది. మనిషి దక్కలేదు. అతని తాలూకువాళ్ళు అద్దాలన్నీ పగలగొట్టారు. ఆక్సిజన్ సిలిండర్ ఎత్తి మందుల బీరువా మీద వేశారు. ఆవిడను జుట్టు పట్టి మెట్ల మీంచి ఈడ్చారు. ఎడమ మణికట్టు విరిగింది.

కట్టు విప్పించుకున్నాక ఆవిడ సంఘం ఆఫీసుకి వచ్చింది. నేనప్పుడు అక్కడ సామాన్ల గదిలో, పాత బ్యానర్ల కింద పడి ఉన్నాను. అధ్యక్షుడు ఆవిడ వెనకే వస్తూ, “మీకేం భయం లేదమ్మా. మీ సర్టిఫికెట్లన్నీ సక్రమంగా ఉన్నాయి. కోర్టులో మిమ్మల్నెవరూ ఏమీ చేయలేరు” అంటున్నాడు.

ఆవిడ బ్యానర్లు లాగిపారేసి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నొక్కింది. నేను పలకలేదు. మళ్ళీ నొక్కింది. పలకలేదు. నాకు ఏడుపొచ్చింది, అయినా పలకలేదు.

“చూశారా సార్? నాకు రాదు” అంది. “ఇన్ని కాగితాలున్నాయి, నాకు రాదు! ఆ మనిషి నా చేతుల్లో పోయింది అందుకే.”

“అంత మాట అనకండి, ఎవరైనా వింటారు” అన్నాడు అధ్యక్షుడు తలుపు వంక చూస్తూ.

ఆవిడకు పూనకం వచ్చినట్టయింది. పిడికిళ్ళు బిగించి నన్ను మొహం మీద, మెడ మీద, ఎక్కడపడితే అక్కడ గుద్దింది. గుద్ది గుద్ది అలసిపోయి, మోచేతులు నిటారుగా పెట్టి ఒళ్ళు బరువంతా నా మీద వేసింది. టక్కుమన్నాను. ఆవిడ అలాగే నా మీద పడి ఏడ్చింది. ఆ సాయంత్రమే నన్ను కొనేసి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది.

అప్పటినుంచి ఆవిడ హోటలు మొహం చూడలేదు. ఊళ్ళో డాక్టర్లను ఆదివారం పూట తన ఆసుపత్రి హాల్లోకి రమ్మంది. అక్కడ సంతకాల్లేవు, సంచుల్లేవు, బిర్యానీ అసలే లేదు. ఒక్కొక్కరూ అందరి కళ్ళ ముందూ నా మీద పని చేసి చూపాలి. చేతకాకపోతే పై ఆదివారం మళ్ళీ చేయాలి. ఆ తర్వాత, ఆ నెలలో తన చేతిలో ఎవరు పోయారో, ఎక్కడ పొరపాటు జరిగిందో నోరు విప్పి చెప్పాలి.

మొదటి వారం అందరూ నేల చూపులు చూశారు. రెండో వారం పిల్లల డాక్టరు మీరావలి గొంతు సవరించుకుని, “నా దగ్గర ఒక పసిబిడ్డ పోయింది. సూది వేయడం ఆలస్యం చేశాను” అన్నాడు. అంతే, అక్కడున్న సర్జన్ ఒకాయన లేచి మీరావలి కాలర్ పట్టుకున్నాడు. “నువ్వు చెప్పావు, రేపు బయటకి పొక్కిందంటే మనందరి తలకాయలూ పగులుతాయి!” అని అరిచాడు. కుర్చీలు ఎగిరాయి. ఒకటి నాకూ తగిలింది. నాకు మాత్రం భలే ఆనందంగా ఉంది. ఇన్నేళ్ళకు మనుషులు నిజం కోసం కొట్టుకుంటున్నారు! తలుపు దభీమని వేసి వెళ్ళిపోయిన సర్జన్, పై ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

ఒకసారి అలివేలు పాత నేత చీరె, జాకెట్టు తెచ్చి నాకు కట్టింది. మగవాడిగా పుట్టిన నాకు ఆ రోజు పైట వచ్చింది. డాక్టర్లు నవ్వారు.

“నవ్వకండి. చొక్కా లేని మగబొమ్మ మీద అందరూ వీరులే. మనకొచ్చేవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళు. పైట మీద చెయ్యి వేయాలంటే మీకు సిగ్గు. మీ సిగ్గు పోయేలోపు ఆమె ప్రాణం పోతుంది. రండి, కానివ్వండి” అంది. నిజంగానే సర్జన్ చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆయన చేత మళ్ళీ మళ్ళీ చేయించింది.

ఇంతలో ఐదేళ్ళ గడువు దగ్గరపడింది. హోటలు మానేశాక ఆవిడ గంటలు నిండలేదు. గంటలు లేకపోతే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఆసుపత్రికి తాళం. హోటలు గంటలకు బదులు ఈ ఆదివారాలను లెక్కలోకి తీసుకోమని ఆవిడ మండలికి రాసింది. చూసి రమ్మని వాళ్ళు ప్రభంజన్ అనే పెద్ద డాక్టరును పంపారు. ఇస్త్రీ చొక్కా, బంగారు ఫ్రేమ్ కళ్ళద్దాలు. మూలన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ పొద్దున్నే బట్టీ మేస్త్రీ అంకారావు తన తల్లి సైదమ్మను ఆయాసంతో తెచ్చి చేర్చి, పనికి వెళ్ళాడు. మందిచ్చాక ఆవిడ తేరుకుంది. నర్సు ఆమెను మేడ మీదికి ఎక్స్‌రేకి తీసుకెళ్ళింది. కింద మేం మొదలుపెట్టాం. నేను చీరె కట్టుకుని నేల మీద పడుకున్నాను. మీరావలి నా గుండెల మీద బాదుతున్నాడు, సర్జన్ నా నోట్లోకి గాలి ఊదుతున్నాడు, అలివేలు “ఇంకా! ఇంకా!” అని అరుస్తోంది.

సరిగ్గా అప్పుడు అంకారావు తిరిగొచ్చాడు. తల్లి మంచం ఖాళీ. అడుగుదామంటే ఎవరూ లేరు. హాలు తలుపుకున్న మసక అద్దంలోంచి చూశాడు. నేల మీద చీరె కట్టుకున్న శవం, చుట్టూ డాక్టర్లు.

“మాయమ్మని సంపి నాటకాలాడతన్నారా!”

ఆ కేకకు ఎదురుగా టీ బంకు దగ్గరున్న బట్టీ మనుషులంతా పరుగెత్తుకొచ్చారు. అద్దం పగిలి నా మొహం మీద పడింది. గడ్డపార దెబ్బకి మీరావలి తల చిట్లి, రక్తం ఆయన కళ్ళలోకి కారింది. సర్జన్ను గోడకేసి కొట్టారు. మూలనున్న షాక్ మిషన్ను ఎత్తి నేలకేసి బద్దలుకొట్టారు. ఆగిన గుండెకు కరెంటు షాకిచ్చి నడిపించే మిషను అది, ఆసుపత్రికల్లా ఒక్కటే. ప్రభంజన్ బీరువా వెనక్కి దూరాడు. అంకారావు ఏడుస్తూ వచ్చి, అమ్మా అని నన్ను వాటేసుకుని లేపాడు. చీరె ఊడిపోయింది. నడుము కింద ఏమీ లేదు. రబ్బరు మొహం చూసి అతను నన్ను నిప్పులా వదిలేశాడు.

“బొమ్మ... ఒరేయ్, బొమ్మరా!” అన్నాడు. ఎవరు వింటారు? ఒకసారి చెయ్యి లేచాక జనానికి కారణం అక్కర్లేదు. ఆ తోపులాటలో నన్ను కూడా తొక్కారు.

“ఒరేయ్ అంకా! నేనీడ బతికే ఉండాను గదరా!” మెట్ల మీంచి సైదమ్మ కేక.

అంకారావు తలెత్తి చూశాడు. మొహం సున్నంలా పాలిపోయింది. గుండె పట్టుకుని, తల్లి చూస్తుండగానే నిలువునా నా పక్కన పడ్డాడు. ఊపిరి లేదు.

అలివేలు పెదవి పగిలి ఉంది. అయినా ఎగిరి వచ్చి మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ అతని ఛాతీ మీద దింపింది. పక్కటెముక పటుక్కుమంది. నా పక్కనే విన్నాను.

“మేస్త్రీని సంపతందిరా!” అంటూ ఒకడు కర్రతో ఆవిడ వీపు మీద కొట్టాడు.

“కొట్టుకో! చెయ్యి మాత్రం తీయను” అంది ఆవిడ. ఇంకో దెబ్బ పడింది. ఆవిడ నొక్కుతూనే ఉంది. మూడోసారి కర్ర లేచేసరికి సైదమ్మ ఆయాసంతో రొప్పుతూ వచ్చి అడ్డంగా పడింది. “ఆ తల్లి నా కొడుకుని బతికిత్తంది, కనపడట్లా? మీ చేతులు పడిపోను!” అప్పటికి గానీ వాడు కర్ర దించలేదు.

అలివేలు అలిసిపోతుంటే మీరావలి అందుకున్నాడు. ఆయన రక్తం బొట్లు బొట్లుగా అంకారావు మీద పడుతోంది. మీరావలి ఆసుపత్రిలో ఇంకో షాక్ మిషనుంది, దాని కోసం ఆ కొట్టినవాళ్ళే మోటారు సైకిలు మీద పరుగుతీశారు. మీరావలి కళ్ళు తిరిగి పక్కకు ఒరిగాడు.

“ప్రభంజన్ గారూ! రండి, మీ వంతు!” అని అరిచింది అలివేలు.

ఆయన బీరువా వెనకనుంచి వచ్చి కూర్చున్నాడు. మోచేతులు వంగిపోయాయి. హోటల్లో మహానుభావులు ఆనించినట్టే అరచేతులు ఆనించాడు. ఆవిడ ఆయన్ని భుజంతో ఒక్క తోపు తోసి, మళ్ళీ తనే మొదలుపెట్టింది. మిషను వచ్చి షాక్ కొట్టేదాకా ఆపలేదు. అంకారావు దగ్గాడు. ఆవిడ గోడకు చేరగిలబడి, పగిలిన పెదవితో పకపకా నవ్వి, వెంటనే భోరుమంది.

ప్రభంజన్ వెళ్ళేముందు ఉన్నదున్నట్టు రాస్తానన్నాడు. రాశాడు కూడా. మండలి జవాబు ఇచ్చింది. ఆదివారం సమావేశాలకు హాలు బుకింగు లేదు, అచ్చువేసిన కార్యక్రమం లేదు, ఉపన్యాసకులు లేరు, పైపెచ్చు శాంతిభద్రతలు సరిగా లేవు, కాబట్టి గంటలుగా లెక్కించడం కుదరదట. గడువు దాటింది. అలివేలు పేషెంట్లందరినీ మీరావలికి అప్పగించి ఆసుపత్రికి తాళం వేసింది. హోటలుకు వెళ్ళి గంటలు నింపుకుని వస్తేనే తలుపు తెరవాలి. వెళ్ళక తప్పదని ఆవిడే అంది. ఊళ్ళో జబ్బులు ఊరుకోవు గదా. ఆదివారాలు మాత్రం మానలేదు, మీరావలి ఆసుపత్రిలో కొనసాగించింది. బొమ్మను కొట్టడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

తాళం పడ్డాక వచ్చిన మొదటి ఆదివారం అంకారావు వచ్చాడు. ఛాతీకి పట్టీ, వెనక బట్టీ మనుషులు.

“ఆసుపత్రి మూయించారంట గదమ్మా. ఎవుడాడు? ఆఫీసు యాడుందో చెప్పండి. లారీ ఏసుకుని పోతాం. ఒక్కొక్కడి ఎముకలు ఇరగ్గొట్టి వస్తాం.”

అలివేలు లేచి, అతని చెంప ఛెళ్ళుమనిపించింది.  

“కొట్టడం తప్ప ఇంకేం రాదట్రా మీకు? రా, కూర్చో. ఇక్కడ కొట్టు.”

అంకారావు బెదిరిన పిల్లాడిలా నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సున్నపు రాళ్ళు పగలగొట్టిన చేతులు అవి. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టించి, మోచేతులు సరిచేసిందావిడ. అతని వెనక బట్టీ మనుషులు వరస కట్టారు. వాళ్ళ వెనక, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ప్రభంజన్ చొక్కా చేతులు మడుచుకుని తన వంతు కోసం నిలబడ్డాడు.

అంకారావు నొప్పికి పళ్ళు బిగబట్టి కొట్టాడు. అబ్బ, ఏం దెబ్బ! పుట్టిననాటి యంత్రం కూడా నన్ను అట్లా కొట్టలేదు. అతను ఉలిక్కిపడి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“నన్నూ ఇట్టాగే కొట్టారా అమ్మా?”

“ఇంతకంటే గట్టిగా.”

“మరప్పుడు నేనేం చేస్తన్నా?”

“చచ్చిపోయున్నావు.”

అతను నా మొహంలోకి చూశాడు. కళ్ళు తుడుచుకోకుండానే మళ్ళీ చేతులు పెట్టాడు.