తూటా నెమ్మదించిన రోజు

బల్ల మీద పాత కంబళి, కంబళి మీద నిలువెత్తు అద్దం. అతను స్కేలు ఆనించి, కట్టరు చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి తీసి, ఊపిరి బిగబట్టి గీత లాగాడు. గీత సన్నగా కీచుమంటూ సగం దూరం వచ్చేసరికి అతని పెదవులు వాటంతట అవే కదిలాయి. చేయి వెంట్రుకవాసి తడబడింది. బల్ల అంచుకి జరిపి వంచితే అద్దం గీత మాట వినకుండా పక్కకి వంకరగా విరిగింది.

అరుగు మీద టీ తాగుతున్న షాపాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“పొద్దున్నుంచి ఇది రెండోది. నీ ధ్యాస ఎక్కడుందిరా?”

“ఇక్కడే ఉందండీ.”

“ఇక్కడుంటే నాకు కనపడాలిగా.”

అతను ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. విరిగిన అద్దంలో అతని గడ్డం ఒక ముక్కలో, నుదురు ఇంకో ముక్కలో కనిపించాయి. ముప్పై దాటిన మనిషి. వేళ్ళ నిండా మానిన గాట్లు, ఎడమ బొటనవేలికి ఎప్పుడూ ఊడని ప్లాస్టరు. కాలనీల్లో స్నానాల గదులకీ, సెలూన్లకీ అద్దాలు కోసి బిగించడం అతని బతుకుతెరువు. సాయంత్రాలు మాత్రం అతను ర్యాప్ కట్టి పాడతాడు. ఆ లోకంలో అతని పేరు తూటా.

ఆ పేరు వేగానికి వచ్చింది. ఒక్క ఊపిరిలో అంతంత పొడుగు మాటలు పాడేవాడు. మొదటి రెండు ఆల్బమ్‌లూ వెనక ఏ కంపెనీ లేకుండా సొంతంగా నెట్‌లో పెట్టుకున్నవే. వాటి నిండా అతనికి లేని కార్లు, లేని శత్రువులు, ఎన్నడూ చెయ్యని కొట్లాటలు. కుర్రకారు చేతులు ఊపుతూ వినేది. ఒకసారి చిన్న హాల్లో, “నా దారికి అడ్డొస్తే నీ నీడ కూడా మిగలదు” అని ఊగిపోతుండగా ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో అనడం మైకు సందుల్లోంచి వినపడింది: “మన బాత్రూం అద్దం బిగించింది ఇతనే. పాపం, చాలా నెమ్మదస్తుడు.”

మిగతా పాట ఎలాగో లాగించాడు గాని, ఆ తర్వాత చాలాకాలం కొత్త పాట ఏదీ రాలేదు. పాట వచ్చేసరికి అది నిదానంగా వచ్చింది. బస్సు కోసం నిలబడ్డం గురించి, వేళ్ళకి తగిలే గాజు చల్లదనం గురించి, ఇంట్లోంచి ట్రిప్పుకని వెళ్ళి ఇక రాని లారీ డ్రైవరు నాన్న గురించి. రికార్డింగు చూసే స్నేహితుణ్ణి అందరూ చెవులు అంటారు. అతని చెవులు పెద్దవి కావు, కానీ ఏ చిన్న తేడా వచ్చినా పట్టుకుంటాడు. ఆ కొత్త పాటలు విని చెవులు తల గోక్కుంటూ కూర్చుని, చివరికి, “దీనికి ఎవడూ చేతులు ఊపడు గాని, ఇంకోసారి వినాలనిపిస్తోందిరా” అన్నాడు. తూటాకి అంతకుముందు ఏ చప్పట్లూ అంత తృప్తినివ్వలేదు.

అలా మూడో ఆల్బమ్ పూర్తయింది. రేపు పొద్దున వస్తుందని నలుగురికీ చెప్పేశారు. నెట్‌లో పెట్టడానికి ఈ సాయంత్రంలోగా పంపాలి. అన్నీ సిద్ధమే. ఒక్క చివరి పాట మాత్రం అతని గుండెల మీద కూర్చుంది.

అది అక్క పాట. అక్క ఇంకా వినలేదు. వినకుండానే ఈ సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతోంది.

అతనికన్నా చాలా పెద్దది అక్క. అమ్మ పోయాక, నాన్న రాకపోకలు తగ్గి తగ్గి ఆగిపోయాక, బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడుతూ తమ్ముణ్ణి పెంచింది. ఆ తర్వాత ఒక హాస్టల్లో వంట సాయానికి చేరి, అక్కడే పిల్లల బాగోగులు చూసే స్థాయికి ఎదిగింది. ఇప్పుడు దూరాన వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా రమ్మన్నారు. నెల కిందట ఆ సంగతి చెప్పినప్పుడు అతను “మంచిదేగా” అన్నాడు. ఆ రాత్రి నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు.

అక్క వెళ్ళిపోయాక వింటే ఏమవుతుంది? నచ్చకపోతే ఎవరితో చెప్పుకుంటుంది? ముందే వినిపిస్తే, మొహం మీదే వద్దంటే? ఈ రెండు భయాల మధ్య పొద్దున్నుంచి రెండు అద్దాలు విరిగాయి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. అక్క ముందుగదిలో నేల మీద చతికిలపడి పెట్టెకి తాడు కడుతోంది. జడ ముడి వేసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పళ్ళతో తాడు చివర పట్టుకుని లాగుతోంది. గదిలో ఆమె వస్తువులు ఉన్న చోట్లన్నీ అప్పుడే బోసిపోయాయి.

“కాళ్ళు కడుక్కో. వడ్డిస్తా” అంది, పళ్ళ మధ్య తాడుతోనే.

“అక్కా, ఒకటి వింటావా?”

“ఏంటి, కొట్లాట పాటా?”

“కాదు. నీ గురించి.”

ఆమె తాడు వదిలింది. అతను ఫోను ఇచ్చి, ఇయర్‌ఫోన్లు తనే ఆమె చెవుల్లో పెట్టాడు. పాట మొదలైంది. అతనికి వినపడదు గాని ప్రతి మాటా ఎక్కడుందో తెలుసు. ఇప్పుడు ‘తన చదువు అమ్మి నాకు పలక కొన్నది’ వస్తుంది. ఇప్పుడు ‘తన పెళ్ళి పందిరి విరిచి నా పొయ్యి వెలిగించింది’. అతను ఆమె మొహం వైపు చూడలేక, గోడ మీద క్యాలెండరు తీసేసిన చోట మిగిలిన తెల్లటి చదరం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె చివరి దాకా వింది. ఇయర్‌ఫోన్లు తీసి వైరు చక్కగా చుట్టింది.

“బాగుందిరా. గొంతు బాగుంది.”

“గొంతు సంగతి కాదక్కా.”

“మరీ అంత గొప్పదాన్ని చేసేశావు. ఎవరి గురించో వింటున్నట్టుంది.”

“నువ్వు చేసిందే కదా రాశాను.”

“నా పెళ్ళి నీ కోసం మానుకున్నానని ఎవరు చెప్పారు నీకు?” అంది ఆమె, కోపం లేకుండా. “వద్దనుకున్నాను, మానుకున్నాను. ఆ మనిషి నవ్వితే నాకు ఒళ్ళు జలదరించేది. నువ్వు లేకపోయినా చేసుకునేదాన్ని కాదు. చదువంటావా, లెక్కలు నాకు ఎన్నడూ ఎక్కలేదు. నువ్వు సాకుగా దొరికావు.”

కొన్ని నెలలు కూర్చుని చెక్కిన పాట. ఆ పంక్తుల దగ్గర చెవులు కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

“ఇందులో నేను ఒక్కసారీ విసుక్కోలేదేంటి? నిన్ను గరిటెతో కొట్టలేదా? ఫ్యాక్టరీ నుంచి వచ్చి నీ మొహం చూడబుద్ధి కాక వెనక మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒకసారి నువ్వు పడుకున్నాక బయట తాళం పెట్టి సినిమాకి కూడా పోయాను. నీకు తెలియదులే.”

“తెలుసు” అన్నాడు అతను.

ఆమె తలెత్తింది.

“తాళం చప్పుడుకి మెలకువ వచ్చింది. కిటికీ దగ్గర నిలబడ్డాను. నువ్వు కూడా నాన్నలాగే వెళ్ళిపోయావనుకున్నాను.”

పక్కింట్లో ఎవరో బాల్చీ జరిపారు. అతనికి గుర్తున్నదంతా కళ్ళ ముందు తిరిగింది: చల్లటి చువ్వలు, వీధి దీపం కింద ఎవరు వచ్చినా అక్కేమోనని మెడ చాచడం, ఆఖరికి ఆమె రావడం, తను పరిగెత్తి దుప్పటి కప్పుకుని నిద్ర నటించడం. లోపలికి వచ్చిన అక్క మొహంలో ఇంకా ఆరని నవ్వు. అంతకుముందు ఎప్పుడూ చూడని నవ్వు. అది తన వల్ల వచ్చింది కాదు. అందుకని చాలా రోజులు ఆమె మీద కోపంగా ఉన్నాడు, ఎందుకో చెప్పకుండా.

“ఏడ్చావా?” అంది ఆమె మెల్లగా.

“లేదు. ఏడిస్తే నువ్వు నిజంగానే రావనుకున్నా.”

లేచి పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. అతను తినలేకపోతున్నాడని చూసి కూడా బలవంతపెట్టలేదు. “మరి అది రాయొచ్చుగా” అంది కూర గిన్నె జరుపుతూ. “ఇది ఎవరికైనా వాళ్ళ అక్క మీద రాసిపెట్టొచ్చు. అది మన ఇంట్లో జరిగింది.”

షాపుకి తిరిగొచ్చి అతను సెలవు అడిగాడు. షాపాయన గోడ గడియారం చూసి, అతని మొహం చూసి, సెలూను వాళ్ళ అద్దం అంచులు నున్నగా రాసి పొమ్మన్నాడు. అతను తడి రాయి తీసుకుని అంచు వెంట రాస్తూ పోయాడు. కొత్త పాట మాటలు ఒక్కొక్కటే రాసాగాయి. ఈసారి ప్రాస కోసం వెతకలేదు. కలిస్తే కలిసింది, లేకపోతే లేదు. చెయ్యి మాత్రం ఈసారి తడబడలేదు.

చెవులు గది ఒక దర్జీ దుకాణం వెనక ఉంది. గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాడు. కొత్తగా పాడతానంటే చెవులు తల పట్టుకున్నాడు.

“పంపాల్సిన వేళకి వచ్చి ఇప్పుడు మారుస్తానంటావేంట్రా? బంగారం లాంటి పాట అది.”

“అబద్ధంరా అది.”

“పాటల్లో అబద్ధం నీకు కొత్తా?”

“అందుకే.”

చెవులు లేచాడు. ముందుకెళ్ళి దర్జీని కాసేపు మిషను ఆపమని బతిమాలి వచ్చాడు. తూటా మైకు ముందు నిలబడ్డాడు. అక్క ఈపాటికి బయల్దేరి ఉంటుందా, ఆటో దొరికిందా, పెట్టె ఎవరు మోశారు, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మొదటిసారి మొదలుపెట్టి ఆగిపోయాడు. రెండోసారీ ఆగిపోయాడు. చెవులు సంగీతం తగ్గించి, తగ్గించి, ఆఖరికి పూర్తిగా ఆపేశాడు. అప్పుడు పాడాడు, పాడినట్టు కాదు, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు.

*తాళం పడిన చప్పుడుకి లేచాను,*
*చువ్వ పట్టుకుని వీధంతా వెతికాను.*
*నువ్వొచ్చావు. నవ్వుతూ వచ్చావు.*
*ఆ నవ్వులో నేను లేను, అక్కా.*
*అందుకే అలిగాను.*
*ఇన్నేళ్ళకి అడుగుతున్నా,*
*సినిమా బాగుందా?*

చివరి మాట దగ్గర గొంతు చీలింది. చెవులు వేలెత్తాడు. ఇంకోసారి పాడమంటాడేమోనని తూటా చూస్తే, ఆ వేలు అలాగే గాల్లో ఉండిపోయింది.

“చీలింది కదూ” అన్నాడు అతను.

“చీలింది. ఉండనీ” అన్నాడు చెవులు. అంతలో తలుపు సందులోంచి దర్జీ, “ఇంక కుట్టుకోవచ్చా బాబూ?” అని అడిగాడు.

అతను పాట ఫోన్లోకి ఎక్కించుకుని పరుగు తీశాడు. ఇంటికి పోతే ఆలస్యమవుతుందని నేరుగా బస్‌స్టాండుకే వెళ్ళాడు. జనం, మూటలు, పొగ. వెళ్ళే బస్సులన్నీ ఒకేలా ఉన్నాయి. కిటికీ కిటికీకీ తల ఎత్తి చూస్తూ పోయాడు. పెద్దవాడై ఉండి అందరి మొహాల్లోకీ అలా తొంగి చూస్తున్నందుకు ఒకాయన కసిరాడు కూడా. చివరి వరసలో ఉన్న బస్సులో, డ్రైవరు వెనక సీట్లో, ఒళ్ళో సంచితో అక్క కూర్చుని ఉంది.

“ఇంత చెమటేంట్రా” అంది.

అతను ఇయర్‌ఫోన్లు కిటికీలోంచి అందించాడు. ఆమె పెట్టుకుంది. ఫోను అతని చేతిలోనే ఉంది. వైరు పొడుగు చాలక అతను మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. ఆమె కళ్ళు ముందు సీటు వెనకభాగం మీద నిలిచాయి. ఒకచోట పెదవి లోపలికి లాక్కుంది. ఇంజను స్టార్టయి అద్దాలు గలగలమన్నాయి. కండక్టరు తలుపు మీద చరిచాడు. బస్సు కదలబోతుంటే ఆమె ఇయర్‌ఫోన్లు తీసి, చుట్టకుండానే, అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“చాలా బాగుందిరా” అంది. “ఆ సినిమా. నిజంగా చాలా బాగుంది.”

అతను నవ్వబోయేలోపు బస్సు వెనక్కి తిరిగి, గేటు దాటి, పెద్ద రోడ్డు మీద మిగతా బస్సుల్లో కలిసిపోయింది. ఆమె చెయ్యి ఊపిందో లేదో దుమ్ములో కనపడలేదు. అక్కడే నిలబడి చెవులుకి ఫోను చేసి, “పంపెయ్” అన్నాడు. రేపు ఎంతమంది వింటారో, ఉన్నవాళ్ళు కూడా పోతారేమో అన్న బెంగ ఇంకా లోపల కదుల్తూనే ఉంది. కానీ పాట మారుద్దామన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇంటికి చేరేసరికి సాయంత్రపు వెలుగు ఇంకా కిటికీలో ఉంది. ముందుగదిలో పెట్టె లేదు. మంచం మీద పక్క మడత పెట్టి ఉంది. నేల ఊడ్చి ఉంది. వంటింట్లో కుళాయి గట్టిగా కట్టేసి ఉంది. గట్టు మీద, ఆమె బయల్దేరేముందు నీళ్ళు తాగి కడిగిన గ్లాసు బోర్లించి ఉంది, దాని అంచు చుట్టూ ఇంకా ఆరని తడి.