కీచురాయి తగాదా

ఇస్త్రీ కొట్టు తాతది ఒకటే పద్ధతి. చేతిలో చొక్కా ముడత పూర్తిగా పోయేదాకా ఇంకో చొక్కా ముట్టుకోడు. భార్య బతికున్నప్పుడు ఆ పద్ధతి బట్టల దగ్గరే ఆగేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పుడది మనవరాలి మీద పడింది.

మనవరాలికి ఆరేళ్లు. నోరు మూతపడదని అందరూ పిట్ట అంటారు. బడి వదలగానే కొట్టుకొస్తుంది. ఆస్పత్రిలో నర్సుగా చేసే తల్లి సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. ఇదివరకు ఆ మధ్య వేళంతా అమ్మమ్మ బొమ్మల పుస్తకాలు చదివి వినిపించేది. అమ్మమ్మతోపాటు ఆ ముచ్చటా పోయింది. క్లాసులో పుస్తకం చేతికిస్తే పిట్ట మొహం తిప్పేసుకుంటోందని టీచరు తల్లిని పిలిచి చెప్పింది.

"బడి అయ్యాక ట్యూషన్లో వేసేస్తా నాన్నా," అంది కూతురు.

పిట్ట రాకపోతే ఇక కొట్టులో మిగిలేది ఆవిరీ, తనూ. ఆ మాట పైకి అనే రకం కాదు తాత.

"ట్యూషన్ దండగ. నేను చదివిస్తా."

చదివించాడు, తనకొచ్చిన పద్ధతిలోనే. ఒక వాక్యం చదవడం, పిట్ట చేత అనిపించడం, తడబడితే మళ్లీ మొదటికి. వారం తిరక్కుండానే పిట్ట పుస్తకాన్ని మాసిన బట్టల మూటలో కుక్కేసింది. అది చూసి కూతురు పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది.

"అది పిల్ల నాన్నా, చొక్కా కాదు. ఒకేచోట రుద్దితే మాడిపోతుంది. అమ్మ ఇలాగే చదివేదా?"

"మీ అమ్మ సంగతి ఎత్తకు."

"సరే, ఎత్తను. సోమవారం ట్యూషన్‌కి తీసుకెళ్తా."

శుక్రవారం హోటలు దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. తాతకి ఊపిరి సలపడం లేదు. పిట్టేమో కాళ్లకడ్డం పడుతోంది.

"ఆ పుస్తకం నా ఎదురుగా పట్టుకో," అన్నాడు విసుగ్గా. "చేతులు ఖాళీ లేవు గానీ నోరు ఖాళీయే."

వానరాత్రి ఒక నత్త తన గుల్లలో కీచురాయికి చోటిచ్చిన కథ అది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. ఆగి అప్పజెప్పించుకోవడం కుదరలేదు. కథ సాగిపోయింది. తెల్లారినా కీచురాయి కదలనంది. తాతకి ఒళ్లు మండింది.

"మెడ పట్టుకుని గెంటాలి దాన్ని!"

"పాపం తాతా, ఇంకా వాన పడుతోంది."

"పడనీ. పెట్టేబేడా సర్దుకుని పొమ్మను."

"దానికి పెట్టే లేదు, బేడా లేదు. బొమ్మ చూడు!"

"సిగ్గూ లేదు."

పిట్ట కిలకిలా నవ్వింది. "అమ్మమ్మ అయితే దుప్పటి కప్పేది."

తాత దుప్పటి అంచు మీద పెట్టెని గట్టిగా నొక్కాడు. "పేజీ తిప్పు," అన్నాడు.

ఇంతలో హోటలు మనిషి వచ్చాడు. తాత వెళ్లి మూట అప్పగించి వచ్చేసరికి, పిట్ట అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటోంది.

"కీ...చు...రాయి... ఏ...డ్చిం...ది. చూశావా! ఏడ్చింది!"

"దొంగేడుపు. ఇలా చూపించు, మిగతాది చదువుతా."

పిట్ట పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. "నువ్వొద్దు. నువ్వు దాన్ని తిడుతూ చదువుతావు. నేనే చదువుతా."

కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. "పదవే, పోదాం."

"ఉండమ్మా! తాత మాట నమ్మకు. కీచురాయి తప్పేం లేదు."

కూతురు తండ్రి వంక చూసింది. ఆయన తలెత్తలేదు. ఆమె బల్ల మీద దుప్పట్లు పక్కకి జరిపి కూర్చుంది. పిట్ట ఒక్కో ముక్కా కూడబలుక్కుంటుంటే వింది.

"సోమవారం సంగతేంటి?" తాతే అడిగాడు, చూపు దుప్పటి మీంచి తిప్పకుండా.

"ఈ తగాదా తేలకుండా ఎలా పంపను నాన్నా?"

"తేలడానికేముంది? దానిదే తప్పు."

"కాదు!" అంది పిట్ట, పేజీ తిప్పుతూ.