పడవక్క ఎడమచెయ్యి

హాల్లో పదమూడు మంది కూర్చున్నారు. వంటింట్లో పదమూడు కప్పులున్నాయి. నన్ను నేను కలుపుకోలేదు కనుక లెక్క సరిపోయింది. నా భర్త రాస్తున్న 'ఏడు రేవులు' అనే మాయాలోకపు నవలల వరసలో ఐదో సంపుటం వెలువడి రెండు నెలలైంది. మొదటి నాలుగింటినీ నెత్తిన పెట్టుకున్న పాఠకులు దీని దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలిపోయారు. ప్రచురణకర్త సలహా మీద ఆయన వాళ్ళను ఇంటికే పిలిచారు. "ఎదురుగా కూర్చోబెట్టి టీ ఇస్తే సగం కోపం పోతుంది," అని నిన్న నాతో అన్నారు. మిగతా సగానికి ఆయన దగ్గర ఉపాయం ఉన్నట్టు లేదు.

టీ మరుగుతుంటే తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"చప్పగా ఉందండీ, దాచుకోవడం దేనికి?" అంటున్నారు రిటైరైన లెక్కల మేష్టారు. "నాలుగో భాగం దాకా ఆ నది దాటడానికి మూడు రోజులు పట్టేది. ఇందులో పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోయారు. నది ఎండిపోయిందా ఏమిటి?"

"మీరు నదిని కూడా టేపుతో కొలుస్తారేమిటండీ!" అన్నాడు పళ్ళ డాక్టరు. "అన్నిట్లోకీ నాకు ఇదే నచ్చింది. దీంట్లో లోతుంది."

"లోతు పెరిగితే దాటడం ఇంకా ఆలస్యం కావాలి కదా నాయనా."

అందరూ నవ్వారు. నా భర్త అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వారు.

"అవన్నీ సరే సార్, పడవక్క చెయ్యి సంగతి చెప్పండి," అంది ఒక ఆడగొంతు. మా వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ గొంతు అది. నవ్వులు ఆగిపోయాయి. చీలిక అంతా అక్కడే మొదలైందని అందరికీ తెలుసు.

పడవక్క అన్నది పాఠకులు ముద్దుగా పెట్టుకున్న పేరు. రెండో సంపుటంలో మొసలి నోట పడి ఎడమచెయ్యి మోచేతి దాకా పోగొట్టుకుని, ఆపైన ఒంటిచేత్తోనే జనాన్ని రేవు దాటించే మనిషి ఆమె. ఐదో సంపుటం నూట నలభయ్యో పేజీలో ఆమె రెండు చేతులా తెడ్డు వేస్తుంది. ఆ చెయ్యి నదీజలాల మహిమతో మొలిచిందని ఒక వర్గం, అసలు పోనే లేదని, మనమే భ్రమపడ్డామని మరో వర్గం వాదించుకుంటున్నాయి. రచయిత మర్చిపోయాడని అన్నది లెక్కల మేష్టారు ఒక్కరే.

మర్చిపోవడానికి ముందు తెలిసి ఉండాలి. పెళ్ళికి ముందు నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పుస్తకాల వివరాలు చీటీల మీదికి ఎక్కించే విభాగంలో పనిచేశాను. "ఇంట్లో ఒకరైనా ఉండాలి కదా," అని ఆయన అన్నప్పుడు, ఆ ఒకరు ఎవరని అడగాలని నాకు తోచలేదు. కంప్యూటర్లు వచ్చాక వాళ్ళు పారేసిన పాత చీటీలను ఒక అట్టపెట్టె నిండా తెచ్చుకున్నాను. వాటి ఖాళీ వెనక వైపులనే ఆయన రాజ్యం ఉంది: ఏ రేవుకు ఎవరు కాపలా, ఏ రాజుకు ఏ కన్ను పోయింది, ఏ నది ఎన్నాళ్ళ దూరం. ఆయన ఆ పెట్టెను ఎన్నడూ తెరవలేదు. రాతబల్ల దగ్గర నుంచే, "ఏమోయ్, ఆ గుడ్డి కాపలావాడికి పిల్లలెందరు?" అని కేకేసేవారు. నేను పొయ్యి దగ్గర నుంచే చెప్పేదాన్ని. "మావాడు రాజ్యాలు కడుతుంటే మా కోడలు చీటీలు రాసుకుంటుంది. ఎవరి చదువు వాళ్ళది," అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

రెండో సంపుటం రాస్తున్న ఏడాది స్నానాలగదిలో జారిపడి నా ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు చేతికే గాని పనికి కాదు గనుక, డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించి మూత తీయడం, తడిగుడ్డను కుళాయికి మెలివేసి పిండడం, పళ్ళతో ముడి బిగించడం నేర్చుకున్నాను. ఆయన గుమ్మానికి ఆనుకుని, "ఒంటిచేత్తో ఎంత బాగా చేసేస్తున్నావోయ్!" అని ఆశ్చర్యపోయేవారు. ఆ ఆశ్చర్యంలో ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. నేర్చుకున్నవన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాను. పుస్తకం వచ్చాక చూస్తే పడవక్క తెడ్డును మొండిచేతికి గుడ్డతో కట్టుకుని, పళ్ళతో ముడి బిగిస్తోంది. ఇంత సూక్ష్మమైన పరిశీలన ఈ రచయితకు ఎలా అబ్బిందో అని ఒక విమర్శకుడు రాశాడు. చదివి గర్వపడ్డాను. దాన్ని ఇప్పుడు కాదని చెప్పను.

ఐదో సంపుటం నాటికి అత్తయ్య పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నాలుగు నెలలు లేవనెత్తడం, పక్కకు తిప్పడం, తుడవడం. ఎప్పటిలా నేను సరిచూడవలసిన రాతప్రతి నా దిండు పక్కన మూడు వారాలు ఉండి వెళ్ళిపోయింది. "ఈసారి నీకు శ్రమ ఇవ్వలేదు," అన్నారాయన, ఏదో బహుమతి ఇచ్చినట్టు.

ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి ఆయన గొంతు సవరించుకుంటున్నారు. "అది నేను కావాలనే చేశానండీ. స్త్రీ తన శక్తిని తాను తిరిగి తెచ్చుకోవడానికి అది సంకేతం."

పళ్ళ డాక్టరు చప్పట్లు కొట్టాడు. టైలరమ్మ కప్పు అందుకోలేదు.

"అంటే ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో దాటించింది శక్తి కాదా సార్? మా అక్కకి పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయింది. మంచం పక్కన కూర్చుని రెండో భాగం చదివి వినిపించాను. పళ్ళతో ముడి బిగించడం దాంట్లోంచే నేర్చుకుంది. ఇప్పుడు ఐదో భాగం చదవమని రోజూ అడుగుతోంది. ఏమని చదవను?"

ట్రేతో నేను వంటింట్లోకి తిరిగి వస్తుంటే ఆయన నా వెనకే వచ్చారు. "విన్నావుగా. ఆరో భాగంలో ఆ చెయ్యి ఎలా వచ్చిందో నువ్వే ఏదో ఒకటి అల్లిపెట్టు. ఇలాంటి చిన్న చిన్నవి నీకు బాగా వస్తాయి. ముందు బిస్కెట్లు పట్రా."

"ఏమిటే ఆ గోల? వాణ్ణెవరైనా ఏమైనా అంటున్నారా?" అని గదిలోంచి అత్తయ్య అరిచింది.

బిస్కెట్ల డబ్బా పై అరలో ఉంది, అట్టపెట్టె బీరువా మీద ఉంది. రెండింటికీ ఎక్కవలసింది అదే స్టూలు. ఎక్కి అట్టపెట్టె దించాను. దుమ్ము తుడవలేదు. హాల్లో నాకు కుర్చీ లేదు కనుక స్టూలు కూడా పట్టుకెళ్ళి టైలరమ్మ పక్కన వేసుకుని కూర్చున్నాను. పడవక్క చీటీ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె పెదవులు కదుపుతూ చదివింది, వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ చదివింది.

"ఇది ఎవరి దస్తూరి?"

"మా ఆవిడదేనండీ, ఏవో చీటీలు," అన్నారాయన నవ్వుతూ. "అప్పట్లో తనకి చెయ్యి విరిగి..." అంటూ ఆగిపోయారు. లెక్కల మేష్టారు కళ్ళజోడు తీసి నా మణికట్టు వైపు చూశారు.

"మరి ఐదో భాగంలో ఏమైందమ్మా?" అంది టైలరమ్మ.

"ఐదోది నేను చదవలేదండీ," అన్నాను. "ఆరోది కూడా చదవను."

పెట్టెలోంచి రాయని చీటీ ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకున్నాను.

"మీ అక్కగారు డబ్బా మూత ఎలా తీస్తున్నారు?" అని అడిగాను.