మూడు గంటల డోలక్

డోలక్ తాడు ఆరేళ్లలో నాలుగుసార్లు మార్చాను. ఆదివారం ఆరాధన అయ్యాక బిగువు సరిచూసి గోడకు తగిలించేవాణ్ణి. మళ్లీ శనివారం దించి చూస్తే తోలు సడలి ఉండేది. నాసిరకం తాడు అంటగట్టాడని ఒకసారి పనిగట్టుకుని సూర్యాపేట వెళ్లి అమ్మినవాడితో పోట్లాడాను. అతను తాడును రెండు చేతులా గుంజి చూపించాడు.

“సారూ, గిది ఎద్దును గట్టినా తెగది. నువ్వే జర వాయించుడు తగ్గియ్యి.”

“వారానికి ఒక్కరోజు వాయిస్త నేను.”

“గట్లనే అంటరు” అని నవ్వి, ఇంకో తాడు ఇచ్చాడు.

అప్పుడు మేము మిర్యాలగూడలో, చర్చి వెనక వీధిలో కిరాయికి ఉండేవాళ్లం. నేను త్రిపురారం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే సాయంత్రం ఐదింటికి తిరిగి వచ్చేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, నా భార్య అన్నమ్మా, ఆ డోలక్.

డోలక్ నేర్చుకోవడం మొదలుపెట్టింది 1985లో. పాటకు దరువు వేయడం చర్చిలో చాలామందికి వచ్చు. నాకు కావలసింది అది కాదు. ఒక చరణం అయ్యాక పాడేవాళ్లు కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో డోలక్ ఒక్కటే మోగాలి. అలా ఒంటరిగా వాయించడంలో సూర్యాపేట దావీదుకు పేరుండేది. ప్రతి రెండో శనివారం ఆ ముసలాయన దగ్గరికి వెళ్లేవాణ్ణి.

“పంతులూ, జనం ఊపిరి దీసుకునేటంత జాగనే నీది” అనేవాడు ఆయన. “గా జాగల గారడి జెయ్యకు. ఆఖరుకు వాళ్లు ఏ మాట పాడిండ్రో, గదే మాట తోలు మీద మళ్ల పలకాలె.”

పలికించే కిటుకు ఎడమచేతిలో ఉంది. మణికట్టు దగ్గరి మెత్తని భాగాన్ని పెద్ద తోలుమీద ఆనించి, వేళ్లతో కొడుతూ ముందుకు నెట్టాలి. అప్పుడు మోత వంగి, ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతులా పైకి లేస్తుంది. దావీదు చేస్తే లేచేది. నేను నోటుబుక్కులో గళ్లు గీసి ప్రతి దెబ్బా రాసుకున్నాను. నాలుగు నెలల్లో లెక్క తప్పడం మానేసింది. మోత మాత్రం వంగలేదు. దావీదు కళ్లు మూసుకుని చివరిదాకా విని, “లెక్క సరిపోయింది పంతులూ” అనేవాడు. అంతకుమించి ఎన్నడూ అనలేదు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు అన్నమ్మ ఎదురుగా కూర్చుని తాళాలు కొట్టేది.

“సారూ, నీ పెదాలు కదులుతున్నయ్” అనేది. “ఎక్కాలు అప్పజెప్పినట్టుంది.”

“తాళం తప్పకుండ కొట్టు నువ్వు.”

“నాది తప్పలే. నువ్వే పదమూడో ఎక్కం కాడ ఆగినవ్.”

1987 ఎండాకాలంలో ఒక శనివారం కిరోసిన్ డబ్బాతో ఇంటికి వస్తున్నాను. సందు మలుపులో డోలక్ వినిపించింది. దావీదు చెప్పకుండా వచ్చాడనుకున్నాను. గురువు నా చేతిలో డబ్బా చూస్తే బాగుండదని దాన్ని వెనక్కు పెట్టుకుని గబగబా నడిచాను. గుమ్మం చేరేసరికి, అది ఏ పాటలోని ఆఖరి మాటో కూడా తెలిసిపోయింది. మాట లేకుండానే తెలిసింది.

లోపల అన్నమ్మ ఒక్కతే ఉంది. ఆమెది ఎడమచేతి వాటం. డోలక్‌ను అటుదిటు తిప్పి ఒళ్లో పెట్టుకుంది. చిన్న తోలు ఎడమచేతికి, పెద్ద తోలు కుడిచేతికి. కుడి మణికట్టు జరుగుతూ ఉంటే మోత వంగి లేస్తోంది.

“ఎవరు నేర్పిండ్రు?” అన్నాను.

“నువ్వే గద! రెండేండ్ల సంది నా చెవుల కాడ కొట్టవడితివి.”

నేను కిరోసిన్ స్టవ్‌లో పోశాను. కొంత కింద పడింది. నాకు కోపం రాలేదు. కోపమైతే రెండు రోజులకు చల్లారేది. ఇది అన్నం ముందు కూర్చున్నా, బడిలో నల్లబల్ల ముందు నిలబడ్డా నాతోనే ఉండేది. ఆమె కూరగాయలు కోస్తుంటే ఆ ఎడమచేతి వేళ్లవైపు చూసేవాణ్ణి. అవి నా వేళ్లకన్నా పొట్టివి. పగిలి ఉండేవి. వాటిలో ఏముందో నాకు అర్థమయ్యేది కాదు.

స్త్రీల కూడికలో ఆమె వాయించింది. ఆ సంగతి చర్చి అంతా పాకింది. 1989 జనవరిలో, ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు మా దగ్గరికి వచ్చారు. డోలక్ సంచి నా భుజాన ఉంది. వచ్చే నెల కోదాడలో చర్చిలన్నిటి మహాసభలు. అక్కడ మొదటి సాయంత్రం వాయించే అవకాశం కోసం నేను మూడేళ్లుగా చూస్తున్నాను.

“అన్నమ్మా, మొదటి రోజు నువ్వు వాయించాలమ్మా” అన్నారు అయ్యగారు. తర్వాత నావైపు తిరిగి, “సారూ, రెండో రోజు మీరు ఎట్లనూ ఉంటరు” అన్నారు.

బడిలో ఎడమచేత్తో రాసే పిల్లలుంటే బలపం తీసి కుడిచేతిలో పెట్టేవాళ్లం. అప్పటి పంతుళ్లందరం చేసిన పనే. ఆ సాయంత్రం ఇంట్లో నేను చేసింది కూడా అదే.

“ఎడమచేతి వాటంగ వాయిస్తే సభల నవ్వుతరు” అన్నాను. “తిప్పి పట్టుకో. ఇంక మూడు వారాలున్నయ్, అలవాటైతది.”

“దేవునికి ఏ చెయ్యైతేంది?”

“దేవునికి గాదు. నలుగుర్ల కూసున్నప్పుడు పద్ధతి అని ఒకటి ఉంటది.”

ఆమె వాదిస్తే బాగుండునని నాకు అనిపించింది. వాదిస్తే నేను ఓడిపోయేవాణ్ణేమో. “సరే సారూ” అని డోలక్‌ను తిప్పింది.

మూడు వారాలూ కుడిచేత్తో సాధన చేసింది. నేనే ఎదురుగా కూర్చుని తాళాలు కొట్టాను.

కోదాడ సభలో ఆమె ఎక్కడా తప్పలేదు. దెబ్బలన్నీ వాటి వాటి చోట్ల పడ్డాయి. లెక్క సరిపోయింది. నా పక్కన ఆంధ్ర వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. “బానే ఉందండీ, కానీ ఆవిడకి చేతులు కొత్తలా ఉన్నాయండీ” అన్నారు. ఆమె ఎవరో నేను ఆయనకు చెప్పలేదు.

మర్నాడు నేను వాయించాను. బాగా వాయించాను. మోత వంగలేదు గాని, వేగం బాగా కుదిరింది. దిగి వచ్చాక అదే పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, “మాస్టారూ, అదరగొట్టేశారండీ!” అన్నారు. అన్నమ్మ పక్కనే నిలబడి నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు హుజూర్‌నగర్ దాటాక ఆమె నా భుజంమీద తల ఆనించి నిద్రపోయింది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం సంగతి రాయకపోతే మిగిలినదంతా అబద్ధమవుతుంది.

ఆ తర్వాత ఆమె డోలక్ ముట్టుకోవడం నేను చూడలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే, “ఇంట్ల ఒక్కరు చాలు” అనేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. “అదేం మాట, వాయించు” అనలేదు. నాకు డోలక్ సారు అనే పేరు వచ్చింది. శనివారం తోలు సడలి ఉండటం, నేను తాడును తిట్టుకోవడం, అన్నమ్మ వంటింట్లోంచి, “ఇంకో కొట్ల కొనరాదా” అనడం, ఇలా ఆరేళ్లు గడిచాయి.

1995 వానాకాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. పదిహేడు రోజులు దవాఖానలో ఉంది. ఆ రోజుల గురించి రాయను.

ఆమె పోయాక ఆదరణ కూడిక మా ఇంటి ముందే జరిగింది. ప్రార్థన అయ్యాక మగవాళ్లు వెళ్లిపోయారు. వీధి ఆడవాళ్లు ఐదుగురు వరండాలో మిగిలారు. ఎదురింటి పిచ్చమ్మ గోడకున్న డోలక్ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అన్నమ్మ కన్నా పదేళ్లు పెద్దది. మిల్లులో పనిచేసి మానేసింది.

“ఇగ మూడు గంటల డోలక్ లేదు” అంది. “మాకు పొద్దెట్ల పోవాలె సారూ?”

“మూడు గంటల డోలక్ ఏంది?”

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె పిచ్చమ్మ మోకాలిమీద గట్టిగా గిల్లింది.

“గిల్లకే. మనిషే పోయినంక ఇంకేం దాస్తం” అంది పిచ్చమ్మ. “నువ్వు బడికి పోయినంక, మూడు గొట్టంగనే వాయించేది సారూ. మేం బియ్యం చాటలు దెచ్చుకొని గీ గడపల్నే కూసుంటుంటిమి. ఆరేండ్లాయె. మూలమీద నీ బస్సు హారన్ ఇనవడంగనే డోలక్ గోడకెక్కేది.”

“ఏ చేతితోటి?”

అడిగాక సిగ్గేసింది.

“ఆమె చేతోటే. పుర్రచేతోటి.”

“నాకెందుకు చెప్పలే?”

“మమ్ముల గూడ చెప్పొద్దన్నది. ‘సారు మనసు చిన్నబోతది. పాపం, ఆయనకు గదొక్కటే ఉన్నది’ అన్నది.”

నేను గోడకున్న డోలక్ వైపు చూశాను. తర్వాత, “ఎట్ల వాయించేది?” అన్నాను.

“గది నేనెట్ల చెప్పాలె సారూ? ఏడ్నో ఒక్కకాడ మోత గిట్ల వంగి లేసేది. గప్పుడు బియ్యంల మా చేతులు ఆగేటియి. ఆపాలని ఆపకపోదుము. అవే ఆగేటియి.”

ఇన్నాళ్లూ ఆమె చేతులను చూసి కుళ్లుకున్నాను. ఆ రోజు ఆ ఐదుగురు ఆడవాళ్లను చూసి కుళ్లుకున్నాను. వాళ్లకు తాళం లెక్క తెలియదు. దావీదు ఎవరో తెలియదు. నేను త్రిపురారంలో ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతున్న గంటలో వాళ్లు ఇక్కడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఆరేళ్లు ఆమెను విన్నారు. నేను విన్నది గుమ్మంలో నిలబడి, కిరోసిన్ డబ్బా వెనక దాచుకుని, ఒక్కసారి. ఇక వినే దారి లేదు. వాళ్లను వెళ్లిపొమ్మందామనుకున్నాను. వెళితే ఆ మాత్రం చెప్పేవాళ్లు కూడా ఉండరని ఊరుకున్నాను.

తర్వాతి రెండో శనివారం మూడింటికి వీధి దాటి వెళ్లాను.

“పిచ్చమ్మా, చాట దెచ్చుకొని రా.”

ఆమె ఎందుకని అడగలేదు. వచ్చి గడపలో కూర్చుంది. నేను డోలక్ దించి, తిప్పి ఒళ్లో పెట్టుకున్నాను. తాడు బిగుతుగా ఉంది. పోయిన ఆదివారం ఎలా వదిలానో అలాగే ఉంది.

చిన్న తోలు నా ఎడమచేతికి వచ్చింది. వేళ్లు మాట వినలేదు. బలపం చెయ్యి మార్చిన పిల్లల అక్షరాల్లా దెబ్బలు వంకరగా పడ్డాయి. కుడి మణికట్టును పెద్ద తోలుమీద ఆనించి నెట్టాను. కర్రమీద కర్ర రాసినట్టు వినిపించింది.

“గట్ల గాదు సారూ” అంది పిచ్చమ్మ తల ఎత్తకుండా. “ఉరుకుతున్నవ్. ఆమె ఉరకకపోతుండె.”

“ఇట్లనా?”

“జర నయం. గని పెదాలు కదుపుతున్నవ్.”

పెదాలు మూసుకున్నాను. ఆమె బియ్యంలోంచి ఒక రాయి ఏరి వీధిలోకి విసిరింది. నేను మణికట్టు మళ్లీ నెట్టాను. ఈసారి మోత కొంచెం కదిలినట్టు అనిపించి ఆమె చేతివైపు చూశాను.

చెయ్యి ఆగలేదు. చాటలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

నేను మళ్లీ మొదటినుంచి పట్టాను.