మార్తమ్మ నాటిన ఉక్కురాళ్లు

ఉక్రాయినా దేశపు భాష ధారాళంగా మాట్లాడగలవాడు మార్కాపురం తాలూకా మొత్తానికి నేనొక్కణ్ణే. నమ్మకపోతే కాస్త ఓపిక పట్టండి, మాట్లాడే చూపిస్తాను.

మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మా ఊరి పలకరాయి గనిలో నీళ్లు తోడే ఇంజను చూసుకోవడానికి పెట్రో అనే తెల్లాయన వచ్చాడు. వెంట ముసలి తల్లి, మార్తా. ఊరు ఆమెను మార్తమ్మను చేసుకుంది. తెల్లవాళ్లే గాని దొరల గడప తొక్కరు, చెప్పుల్లేకుండా తిరుగుతారు. మా నాయన అంకన్నకు అక్కడే అనుమానం పుట్టింది. ఏ ఊరమ్మా అని అడిగితే ఆమె "ఉక్రాయినా" అంది. నాయన చెవిలో అది ఉక్కురాయిగా పడింది.

"ఇన్నావురా? ఉక్కురాయి అంటాంది. మన చేని కింద ఏముందో కనుక్కోను వచ్చినారు వీళ్లు."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. కొండవాలున మాకున్న చేను, కింద పలకరాయి బయటపడగానే గనిలో కలిసిపోయింది. మిగిలింది ఒక్క నల్లరేగడి చేను.

ఒకరోజు ఆ చేని గట్టు పక్కన మార్తమ్మ మూట విప్పి, వేలితో గుంటలు తీసి ఏవో పూడుస్తుంటే నాయన చాటు నుంచి చూశాడు. మట్టిరంగువి, గరుకువి, మిరియాలంత గులకరాళ్లు. ఇంటికొచ్చి తేల్చేశాడు. ఆమె ఉక్కురాయి ముక్కలు మా చేలో పాతిపెడుతోంది, రేపు సర్వేవాళ్లు తవ్వి దొరికాయంటారు, చేను సర్కారు పాలవుతుంది. ఆమెనే అడుగుదామన్నాను. దొంగ చెబుతుందా అన్నాడు.

కంచె చాటున కాపలా మొదలైంది. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి పోసేది. రాళ్లకు నీళ్లెందుకని నాయన బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, పెరగడానికేమో అన్నాను. అన్నం తినేదాకా నాతో మాట్లాడలేదు.

చివరికి పార భుజాన వేసుకుని, పెట్రోను, నన్ను వెంటబెట్టుకుని పోయాడు. రాళ్లు బయటికి తీసి, తల్లీకొడుకుల్ని ఆ పూటే ఊరు దాటించాలని. మార్తమ్మ పారకు అడ్డంగా కూర్చుంది. ఆమె కాళ్ల దగ్గర ఎర్రటి దారాల్లాంటి కాడలు.

"రాళ్లు మొలిచినాయే," అన్నాడు నాయన.

"బుర్యాక్," అంది మార్తమ్మ.

అదొక ఎర్ర దుంప అని పెట్రో వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఆమె అమ్మమ్మ పండించి కూతురికి, కూతురు మార్తమ్మకు ఇచ్చిన విత్తనమట. వాళ్ల నల్లమట్టి చేను సిపాయిలు లాక్కున్నప్పుడు చేతికందింది ఆ మూటొక్కటే. మా మట్టి తన చేని మట్టిలాగే ఉందని ఆమెకు ఆశ.

నాయన పార కింద పెట్టాడు.

"నీ చేను పట్టుకునేటప్పుడు వాళ్లు నిన్నడిగినారా అవ్వా?"

కొడుకు తమ భాషలో తిప్పి చెప్పగా ఆమె అడ్డంగా తలూపింది.

"నువ్వు మాత్రం నన్నడిగితివా? పోనీలే. ఇంకో రెండు సాళ్లు పెట్టుకో."

ఆయన కాపలా మానలేదు, కాకపోతే ఇప్పుడు మేకలు రాకుండా. చలికాలం పోయేముందు తవ్వితే ఒక్కో దుంపా గుమ్మడికాయంత. మార్తమ్మ నెత్తురు రంగు పులుసు కాచి పంపింది. నాయన ముందు కుక్కకు పోసి, అది తోకాడించుకుంటూ తిరగడం చూశాకే తను తాగాడు.

నాకొచ్చిన ఉక్రాయినా భాషంతా ఆ బుర్యాక్ అన్న మాటే. వినిపించాను కదా. ఇక దుంప గుమ్మడికాయంత అన్నది నా సొంత కల్పన. నిమ్మకాయంత ఉండేది. కుక్క సంగతి మాత్రం నిజం.